పిల్లల థియేటర్‌లో కఫ్ ప్రెషర్ గేజ్: కొనండి, కానీ ఆ ఆకుపచ్చ పట్టీని నమ్మకండి

ముందే చెప్పేస్తా, పిల్లలకు ఆపరేషన్లు జరిగే థియేటర్‌లో ఈ వస్తువు లేకపోతే ఇవాళే ఇండెంట్ పెట్టండి. తర్వాత తీరిగ్గా నా ఫిర్యాదులు చదవండి, అవి కూడా తక్కువేం లేవు. నేను రాస్తున్నది చేతిలో ఇమిడే కఫ్ ప్రెషర్ గేజ్ గురించి. గుండ్రటి డయల్, దాన్ని అంటుకుని పిండే రబ్బరు బల్బు, గాలి కొద్దికొద్దిగా వదలడానికో బటన్, ట్యూబ్ పైలట్ బెలూన్ వాల్వ్‌కి తగిలించే నాజిల్, కావాలంటే మధ్యలో వేసుకోవడానికి సన్నటి పొడుగాటి గొట్టం. బ్యాటరీ లేదు, స్క్రీన్ లేదు. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, ఈ రకం గేజులు ఎవరు చేసినా దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి, నేను చెప్పే మంచీ చెడూ అటూ ఇటూగా అన్నిటికీ వర్తిస్తాయి.

మత్తు ఇచ్చే పనిలో లేనివాళ్ల కోసం రెండు ముక్కలు. జనరల్ అనస్థీషియాలో పిల్లాడి శ్వాసనాళంలోకి ఒక ట్యూబ్ పెడతాం, వెంటిలేటర్ గాలి దాంట్లోంచే పోతుంది. ఆ ట్యూబ్ కింది కొస దగ్గర ఉండే చిన్న బెలూనే కఫ్. సిరంజితో దాంట్లోకి గాలి ఎక్కిస్తే అది ఉబ్బి ట్యూబ్‌కీ శ్వాసనాళం గోడకీ మధ్య సందు మూస్తుంది. మూస్తేనే వెంటిలేటర్ ఇచ్చే గాలి వెనక్కి తన్నకుండా ఊపిరితిత్తులకి చేరుతుంది, నోట్లో ఊరే లాలాజలం, రక్తం, కడుపులోంచి పైకి వచ్చేవి కిందికి దిగకుండా ఉంటాయి. కఫ్‌లో ఎంత గాలి ఉందో బయటికి తెలియడానికి పైలట్ బెలూన్ అని ఇంకో బుల్లి బెలూన్ బయట వేలాడుతుంటుంది. ఇక్కడే వస్తుంది గొడవంతా.

ఎందుకంటే చాలామంది ఆ పైలట్ బెలూన్‌ని రెండు వేళ్లతో నొక్కి, సైకిల్ టైరు చూసినట్టు చూసి, ‘ఆఁ సరిపోయింది’ అనేస్తారు. ఏళ్ల తరబడి అనుభవం ఉన్నవాళ్ల వేళ్లు కూడా దీంట్లో నమ్మదగ్గవి కావని ఎన్నిసార్లు పరీక్షించినా తేలుతూనే ఉంది, ఎవరికైనా అనుమానముంటే వేలితో నొక్కి ఒక అంకె చెప్పమనండి, చెప్పాక గేజ్ తగిలించండి, ఆ మొహంలో రంగు మారడం చూడండి. 15కీ 40కీ తేడా వేలికి తెలియదు. తేడా తెలిసేది లోపల ఉన్న మెత్తటి పొరకి.

ఇక్కడ అంకె అంటే సెంటీమీటర్ల నీటి పీడనం. ఇకపై వట్టి అంకె వేస్తే అదే అనుకోండి. 1984లో సీగోబిన్, వాన్ హాసెల్ట్ అనే ఇద్దరు పరిశోధకులు, పెద్దవాళ్ల శ్వాసనాళంలోకి ఎండోస్కోప్ (లోపలికి చూసే గొట్టం) పెట్టి, కఫ్ ఒత్తిడి పెంచుకుంటూ పోతే లోపలి పొరకి ఏమవుతుందో కళ్లతో చూశారు. 30 దాటితే పొర పాలిపోవడం మొదలైంది, అంటే రక్తం సరిగ్గా అందడం లేదు, 50 దగ్గర ఒత్తిడి పడిన చోట రక్త ప్రసరణ పూర్తిగా ఆగిపోయింది. పెద్దవాళ్లలో 20 నుంచి 30 మధ్య ఉంచాలని మనం వల్లించే లెక్కలో పై అంకెకి వేరు అక్కడే ఉంది. పిల్లల బీపీ పెద్దవాళ్లకన్నా తక్కువ, పొర ఇంకా సున్నితం, నాళం ఇంకా సన్నం, కాబట్టి పిల్లల్లో పైహద్దు 20 అని అందరూ పట్టుకుంటారు. హద్దు అంటున్నాను గమనించండి, చేరాల్సిన గమ్యం 20 అని కాదు. సరైన సైజు ట్యూబ్, పల్చటి మంచి కఫ్ ఉంటే 10 దగ్గరే లీక్ ఆగిపోయే పిల్లలు బోలెడు మంది.

ఇప్పుడు నా పెద్ద ఫిర్యాదు. డయల్ మీద ఆకుపచ్చ పట్టీ ఒకటి గీసి ఉంటుంది. అది మొదలయ్యేదే 20కి అటూ ఇటూగా, కొన్నిట్లో ఇంకాస్త పైన, ఆగేది 30 దాటాక. అంటే అది పెద్దవాళ్ల పట్టీ. రాత్రి రెండింటికి ఎమర్జెన్సీ కేసులో, మాస్కు చెమటతో తడిసి, అటు సర్జన్ తొందరపెడుతుంటే, కొత్తగా చేరిన టెక్నీషియన్ ఏం చేస్తాడు? ముల్లుని ఆకుపచ్చలోకి తెచ్చి ‘ఓకే సార్’ అంటాడు. అతని తప్పేముంది అందులో? ఆకుపచ్చ అంటే క్షేమం అనేగా చిన్నప్పట్నుంచీ నేర్పింది. కానీ మూడేళ్ల పాప కఫ్‌లో ముల్లు ఆకుపచ్చ నడిమధ్యన ఉందంటే ఆ పాపకి ఉండాల్సిన హద్దు దాటి ఉన్నట్టు. పిల్లల మంచి ఒత్తిడంతా, 10 నుంచి 20 దాకా, ఏ రంగూ లేని తెల్ల భాగంలో పడుతుంది, ‘ఇక్కడేదో తక్కువైంది’ అని డయల్ చెబుతున్నట్టే ఉంటుంది. ప్రాణాలతో ముడిపడిన వస్తువు మీద ఇంత తప్పు రంగు వేసి, ‘అన్ని వయసుల వారికీ’ అన్నట్టు అమ్మడం నాకు అస్సలు నచ్చలేదు. మేం చేసింది చాలా నాటు పని, 20 దగ్గర అద్దం మీద సన్నటి ఎర్ర టేపు ముక్క అంటించాం, పిల్లల గేజ్ అని పెద్దక్షరాలతో రాసి పెద్దవాళ్ల థియేటర్లోకి పోకుండా విడిగా పెట్టాం. నాటుగా ఉన్నా పనిచేస్తోంది.

దానికి తోడు స్కేలు. డయల్ సున్నా నుంచి 120 దాకా ఉంటుంది. పిల్లలకి పనికొచ్చేది మొత్తంలో ఆరో వంతు, ఎడమవైపు మొదట్లో ఓ మూలకి నొక్కేసి ఉంటుంది. గీతకీ గీతకీ మధ్య 2. కొంచెం పక్కనుంచి చూస్తే 12 కాస్తా 16లా కనిపిస్తుంది, కాబట్టి కళ్లకి ఎదురుగా పట్టుకుని చూడాలి, రోగి మీద కప్పిన డ్రేప్ గుడ్డ కింద దూరి వంగి చూసేటప్పుడు అది అంత తేలిక కాదు. 120 దాకా ఎందుకో అనుకునేవాణ్ణి, పెద్దవాళ్లలో చేయి మీరి గాలి ఎక్కించినవి కూడా చూపించాలిగా మరి. పిల్లలకైతే 60 దాకా ఉన్న డయల్ చాలు, చదవడం రెట్టింపు సులువవుతుంది.

మూడోది, కొనేవాళ్లు ఎవరూ అడగనిది. గేజ్ తగిలించగానే ముల్లు చూపించే అంకె కఫ్‌లో అంతకుముందు ఉన్న ఒత్తిడి కాదు. తగిలించే క్షణంలో కఫ్‌లో గాలి కొంత గేజ్‌లోకి, ఆ పొడుగాటి గొట్టంలోకి పారిపోతుంది. పెద్దవాళ్ల కఫ్‌లో బోలెడు గాలి ఉంటుంది కాబట్టి ఆ నష్టం పెద్దగా తెలియదు. నెలల పాపకి పెట్టే 3 లేదా 3.5 సైజు (లోపలి వెడల్పు, మిల్లీమీటర్లలో) ట్యూబ్ కఫ్‌లో పట్టే గాలే ఒకటీ అరా మిల్లీలీటరు, దాంట్లోంచి చుక్కంత పోయినా ఒత్తిడి చప్పున దిగిపోతుంది. అంటే కఫ్‌లో 28 ఉన్నా మీకు 18 కనిపించి, ‘బానే ఉంది’ అనుకునే ప్రమాదం. అసలు కొలవడమే దాన్ని తగ్గించింది కదా అని నవ్వుకోవచ్చు గానీ, అప్పటిదాకా ఎంత ఉందో మాత్రం మీకు ఎప్పటికీ తెలియదు. తీసేటప్పుడు కూడా ‘తుస్’మని కొంచెం పోతుంది, మీరు 12 పెట్టి వచ్చాననుకుంటారు, లోపల 8 ఉంటుంది, పావుగంటకి వెంటిలేటర్ లీక్ చూపిస్తుంది.

దీనికి మందు ఉంది. ఒకటి, పొడుగాటి గొట్టం పక్కన పడేసి వీలైనంతవరకు నాజిల్‌ని నేరుగా తగిలించడం. రెండు, తగిలించే ముందే నాజిల్‌ని వేలితో మూసి బల్బు పిండి గేజ్‌లో 15-20 తెచ్చి పెట్టుకుని అప్పుడు తగిలించడం, రెండు వైపులా ఒత్తిడి దగ్గరగా ఉంటే ఎటునుంచి ఎటూ పెద్దగా పోదు. మూడు, నాకు బాగా నచ్చింది, పెద్ద ఆపరేషనైతే మొదట్నుంచీ గేజ్ తగిలించే ఉంచడం, తీయడం పెట్టడం అనే బాధే ఉండదు. గేజ్ బరువుకి పైలట్ గొట్టం లాగబడకుండా తల పక్కన ఎక్కడైనా ఆనించండి. సిరంజిని మాత్రం వాల్వ్‌లో అలాగే గుచ్చి వదిలేయకండి.

తగిలించే ఉంచమని ఊరికే చెప్పడం లేదు. కేసు మొదట్లో ఒకసారి 15 పెట్టి, షీట్‌లో రాసేసి, ఇక మర్చిపోవడం దాదాపు అందరూ చేసే పని, కఫ్ మాత్రం అక్కడ ఆగదు. మత్తు కోసం నైట్రస్ ఆక్సైడ్ వాయువు వాడుతున్నారా, అది కఫ్ గోడలోంచి మెల్లగా లోపలికి దూరుతుంది, ఎందుకంటే మీరు ఎక్కించింది మామూలు గాలి, బయట నైట్రస్ నిండా ఉంది, లోపల లేదు. గంట తిరిగేసరికి 15 కాస్తా 30 దాటినా ఆశ్చర్యపోకండి. కఫ్ పల్చగా ఉంటే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అలా అని మధ్యలో గాలి తీసి సరిచేశారనుకోండి, చివర్లో నైట్రస్ ఆపగానే అది కఫ్‌లోంచి బయటికొచ్చేస్తుంది, ఒత్తిడి ఢమాల్న పడిపోయి లీక్ మొదలవుతుంది. నైట్రస్ వాడకపోతే ఈ గొడవ లేదు, నాకైతే అదే సుఖం.

తర్వాత మెడ. టాన్సిల్ ఆపరేషన్‌కి తల వెనక్కి వంచి నోరు తెరిచి ఉంచే గ్యాగ్ పెట్టారంటే ట్యూబ్ కదులుతుంది, కఫ్ చోటు మారుతుంది, ఒత్తిడీ మారుతుంది. తల ముందుకి వంచితే ట్యూబ్ కిందికి దిగుతుంది, వెనక్కి వంచితే పైకి వస్తుంది, పాపాయిల్లో ఆ సెంటీమీటరు కూడా పెద్ద దూరమే. పొజిషన్ మార్చిన ప్రతిసారీ ముల్లు చూడాలన్నది నేను ఎవరికైనా మొదట చెప్పే మాట. లాప్రోస్కోపీలో పొట్టలోకి గ్యాస్ ఎక్కించినప్పుడు డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర) పైకి నెట్టుకొచ్చి, ఊపిరితిత్తుల ఒత్తిళ్లు పెరిగి, కఫ్ ఒత్తిడి కూడా పైకి పోతుంది. గుండె ఆపరేషన్లలో బైపాస్ మీద, అంటే గుండె, ఊపిరితిత్తుల పని యంత్రం చేసేటప్పుడు, ఒళ్లు చల్లబరిస్తే కఫ్‌లో గాలి కుంచించుకుని ముల్లు కిందికి దిగుతుంది, అప్పుడు తొందరపడి గాలి కలిపితే ఒళ్లు వెచ్చబడ్డాక అంతా కలిసి పైకి లేస్తుంది. విమానంలో రోగిని తరలించేవాళ్ల సంగతి సరేసరి, పైకి వెళ్లే కొద్దీ బయటి ఒత్తిడి తగ్గి కఫ్ ఉబ్బుతుంది. ఇవేవీ వేలికి తెలియవు, ముల్లుకి తెలుస్తాయి. ఈ ఒక్క కారణానికే నా ఫిర్యాదులన్నీ మింగేసి కొనండి అంటున్నాను.

ముల్లు ఊగుతుంటే కంగారు పడకండి. వెంటిలేటర్ గాలి నెట్టినప్పుడల్లా కింది నుంచి ఆ ఒత్తిడి కఫ్‌ని నొక్కుతుంది, ముల్లు లేస్తుంది, ఊపిరి వదిలినప్పుడు దిగుతుంది. ఊపిరి పూర్తిగా వదిలాక నిలిచే అంకెనే చూడాలి. మత్తు పల్చబడి పిల్లాడు దగ్గితే ముల్లు ఒక్కసారి ఎగిరి పడుతుంది, అప్పుడు గాలి తీయడం కాదు చేయాల్సింది, మత్తు సంగతి చూడటం.

వాడే పద్ధతి ఎవరైనా అడిగితే నేను చెప్పేది ముందు చెవి, తర్వాత ముల్లు. కఫ్‌లో గాలి లేకుండా ట్యూబ్ పెట్టి, ట్యూబ్‌లోంచి గాలి ఒత్తిడి 20 దాకా ఇస్తూ మెడ మీద స్టెతస్కోప్ పెట్టి వినండి. లీక్ శబ్దం వినపడాలి. వినపడకపోతే అక్కడే ఆగండి, ట్యూబ్ లావైంది. వినపడితే గేజ్‌తో కొద్దికొద్దిగా గాలి ఎక్కిస్తూ, లీక్ ఆగిన చోట ఆపి, అప్పుడు ముల్లు చూడండి. 10, 12, 14 ఏదో ఒకటి ఉంటుంది, రాసుకోండి. 20 దాటినా లీక్ ఆగడం లేదంటే ఇంకా గాలి ఎక్కించి గెలవాలని చూడకండి, ట్యూబ్ సన్నమైంది లేదా కఫ్ తప్పు చోట ఉంది. సిరంజితో ‘ఒక రెండు మిల్లీలీటర్లు వేసేద్దాం’ అనే అలవాటు పిల్లల దగ్గర పూర్తిగా మానేయాలి, చిన్న కఫ్‌లో సిరంజి ప్లంజరు ఒక్క గీత కదిలితే ముల్లు ఎంత ఎగురుతుందో గేజ్ పెట్టి ఒకసారి చూస్తే మళ్లీ ఆ పని చేయరు.

ఇందాక లావైన ట్యూబ్ గురించి అన్నాను కదా, ఈ గేజ్ చెప్పలేని విషయం అదే. అది కఫ్ లోపల గాలినే కొలుస్తుంది. ట్యూబే లావుగా ఉండి గోడని ఒరుసుకుంటుంటే గేజ్ సున్నా చూపిస్తూ నిమ్మళంగా కూర్చుంటుంది, గోడ మాత్రం నలుగుతూనే ఉంటుంది. పిల్లల్లో క్రైకాయిడ్ దగ్గర, అంటే స్వరతంతువులకి కాస్త కింద, మృదులాస్థి పూర్తి ఉంగరంలా ఉంటుంది, అక్కడ వాపొస్తే బయటికి సాగే చోటు లేదు, వాచిందంతా లోపలికే. లెక్క వేసి చూడండి, 4 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న దారిలో చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచినా దారి 2కి పడిపోతుంది, గాలి పోయే జాగా నాలుగో వంతే మిగులుతుంది, గాలి నిదానంగా పారుతున్నప్పుడు కూడా అడ్డు 16 రెట్లు పెరుగుతుంది. పెద్దవాళ్లలో అదే మిల్లీమీటరు వాపు గొంతు బొంగురుతో పోతుంది. పాపాయికి ట్యూబ్ తీశాక కీచుమనే కూత, పక్కటెముకల మధ్య లోపలికి లాక్కోవడం, మళ్లీ ట్యూబ్ పెట్టాల్సి రావడం, ఇంకా దురదృష్టమైతే తర్వాతెప్పుడో ఆ చోట మచ్చ కట్టి దారి శాశ్వతంగా సన్నబడటం. అలాగే కఫ్ స్వరతంతువుల మధ్యకి, క్రైకాయిడ్ దగ్గరికి ఎక్కి కూర్చుంటే గేజ్‌లో 12 ఉన్నా అది మంచి 12 కాదు. సైజు, లోతు, ఒత్తిడి, మూడూ చూడాలి, గేజ్ మూడోదానికే సాయం.

అసలు ఈ భయంతోనే ఒకప్పుడు ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి కఫ్ లేని ట్యూబులే పెట్టాలని నేర్పేవాళ్లు. పిల్లల గొంతు గరాటులా ఉంటుంది, క్రైకాయిడ్ దగ్గర గుండ్రంగా సన్నబడుతుంది, ట్యూబే అక్కడ సరిగ్గా కూర్చుంటుంది, కఫ్ దేనికి అన్నది వాదం. 2003లో ఎమ్మారైతోనూ, 2009లో వీడియో బ్రాంకోస్కోపీతోనూ బతికున్న పిల్లల గొంతులు చూస్తే ఆ గరాటు బొమ్మ నిలబడలేదు, అన్నిటికన్నా ఇరుకైన చోటు స్వరతంతువుల దగ్గరే ఉందని, క్రైకాయిడ్ దగ్గర కూడా పూర్తి గుండ్రం కాదు, కొంచెం కోలగా ఉంటుందని తేలింది. కోలగా ఉన్నదాంట్లో గుండ్రటి లావు ట్యూబ్ దూర్చి లీక్ ఆపామంటే రెండు పక్కలా గోడని గట్టిగా నొక్కుతున్నట్టే కదా. అదే 2009లో యూరప్‌లోని 24 ఆస్పత్రుల్లో ఐదేళ్ల లోపు పిల్లలు 2246 మంది మీద చేసిన అధ్యయనం వచ్చింది. ట్యూబ్ తీశాక కీచు శబ్దం కఫ్ ఉన్న గుంపులో 4.4 శాతం, లేని గుంపులో 4.7 శాతం, అంటే తేడా లేదు. సైజు కుదరక ట్యూబ్ మార్చాల్సి వచ్చింది మాత్రం కఫ్ ఉన్నవాళ్లలో 2.1 శాతం, లేనివాళ్లలో 30.8 శాతం. ప్రతి మార్పూ ఇంకోసారి గొంతులో ఇనుప పరికరం (లారింజోస్కోప్) పెట్టడమే అని గుర్తుంచుకుంటే ఆ అంకె విలువ తెలుస్తుంది.

ఈ అధ్యయనం చూపించి ‘కఫ్ క్షేమమే’ అనేవాళ్లు ఒక సంగతి మర్చిపోతుంటారు. అందులో వాడినవి 10 మైక్రాన్ల మందమే ఉన్న పల్చటి పాలీయురేతేన్ కఫ్‌లు, ఒత్తిడిని కొలుస్తూ 20 దాటనివ్వకుండా వాడారు, లీక్ ఆపడానికి సగటున పట్టింది 10.6. అంటే ఆ క్షేమం కొలిచిన కఫ్‌ది. మందపాటి మామూలు కఫ్‌లో కళ్లు మూసుకుని సిరంజి నొక్కి, ఆ 4.4 శాతం మాకూ వర్తిస్తుందంటే కుదరదు. పల్చటి కఫ్ తక్కువ ఒత్తిడిలోనే మడతల్లేకుండా గోడకి అతుక్కుంటుంది. మందపాటి దానికి మడతలు పడతాయి, ఆ మడతల్లోంచి లాలాజలం కిందికి కారుతుంది, దాన్ని ఆపడానికి ఇంకా గాలి కావాలి. కఫ్ ఉన్న ట్యూబులకి సైజు లెక్క వయసుని 4తో భాగించి 3 గానీ 3.5 గానీ కలపడం, లేనివాటికి కలిపేది 4. ఆ తగ్గిన సైజునే కఫ్ పూడుస్తుంది.

ఇంక గేజ్ నిజం చెబుతోందా అన్నది. ఈ డయల్ గేజులు కింద పడితే చెడిపోతాయి, పడ్డ సంగతి ఎవరూ చెప్పరు. రోజూ చూసుకోవాల్సింది చిన్న పని, ఏమీ తగిలించనప్పుడు ముల్లు సున్నా మీద ఉందా, నాజిల్ మూసి బల్బు పిండి పైదాకా తీసుకెళ్తే కొన్ని సెకన్లు అక్కడే నిలుస్తోందా. సున్నా బాగుండి మధ్యలో తప్పు చూపేవి కూడా ఉంటాయి, వాటిని పట్టుకోవడానికి కంపెనీ సర్వీసుకి పంపే లోపు ఒక ఉపాయం. మనం కొలిచే యూనిట్ అక్షరాలా నీళ్లే కదా. లోతైన పాత్రలో నీళ్లు పోసి, కాస్త వెడల్పాటి పారదర్శక గొట్టం ఒక కొస గేజ్‌కి తగిలించి, రెండో కొస స్కేలు పెట్టి సరిగ్గా 20 సెంటీమీటర్ల లోతుకి ముంచండి. బల్బు మెల్లగా పిండుతూ పోతే గొట్టం కొసలోంచి బుడగలు మొదలయ్యే చోట ముల్లు 20 దగ్గర ఉండాలి. ఒకటి అటూ ఇటూ పర్లేదు, 25 చూపిస్తే గేజ్ పక్కన పెట్టేయండి. మా పాత గేజ్ ఇలాగే దొరికిపోయింది.

శుభ్రం విషయంలో డిజైన్ చేసినవాళ్లు పెద్దగా బుర్ర పెట్టలేదనిపిస్తుంది. ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌లో పెట్టలేం, తడిగుడ్డతో తుడవడమే, బల్బు అంచుల్లో మురికి చేరుతుంది. ఒక పిల్లాడి నోటి దగ్గర నుంచి ఇంకో పిల్లాడి నోటి దగ్గరికి తిరిగే వస్తువు ఇది. కేసు కేసుకీ తుడవండి, అంతే.

వేరేవి వాడి చూశారా అంటే, కొన్ని. ఒత్తిడి చూపే సిరంజి తరహావి వస్తున్నాయి, ప్లంజరు దగ్గరే చిన్న కొలత ఉంటుంది, ఒక్కో రోగికి ఒకటి, శుభ్రం బాధ లేదు, గాలి నష్టం కూడా తక్కువే, కానీ ఆ కొలత గీతలు చదవడానికి కళ్లజోడు మార్చుకోవాల్సి వచ్చింది, పారేయడానికి చేతులు కూడా రావు. ఒత్తిడిని ఒకచోట నిలబెట్టి ఉంచే ఎలక్ట్రానిక్ కంట్రోలర్లు ఐసీయూలో రోజుల తరబడి ట్యూబ్ ఉండే పిల్లలకి చాలా బాగుంటాయి, తగ్గితే కలుపుతుంది, పెరిగితే తీస్తుంది. ఒక్క చిక్కు, కఫ్‌కి చిల్లు పడి మెల్లగా కారుతున్నా అది నిశ్శబ్దంగా నింపుతూ పోతుంది, మనకి ఆలస్యంగా తెలుస్తుంది. ఏదీ లేని చోట ధమనిలో బీపీ కొలిచే ఆర్టీరియల్ లైన్ ట్రాన్స్‌డ్యూసర్‌ని, లోపల ద్రవం లేకుండా పొడిగా, త్రీవే (మూడు దారుల కొళాయి) ద్వారా పైలట్ బెలూన్‌కి కలిపి మానిటర్ మీద చూడొచ్చు, అలల్లాగా గీత కూడా వస్తుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఆ లైన్‌లోకి ద్రవం నెట్టే ఫ్లష్ ప్రెషర్ బ్యాగ్ మాత్రం దానికి తగిలించి ఉండకూడదు. ఇంకొకటి, మానిటర్ పాదరసం మిల్లీమీటర్లలో చూపిస్తుంది. అక్కడ 15 అంటేనే ఇక్కడి 20. మానిటర్ మీద 20 చూసి తృప్తి పడ్డారంటే అసలు ఒత్తిడి 27.

ఒక కొసరు లాభం కూడా చెప్పాలి. ఇదే గేజ్ లారింజియల్ మాస్కులకీ, అంటే ట్యూబ్ బదులు గొంతు పైభాగంలో కూర్చోబెట్టే గాలి మాస్కులకీ, పనికొస్తుంది. వాటి తయారీదార్లు పైహద్దు 60 అంటారు, పిల్లల్లో 40 లోపే పెడితే లీకూ తగ్గుతుంది, లేచాక గొంతు నొప్పీ తగ్గుతుంది. గాలి ఎక్కువ వేస్తే మాస్కు ఇంకా బాగా కూర్చుంటుందనుకోవడం తప్పు, బిర్రుగా ఉబ్బి పైకి తేలుతుంది. ఈ పని కోసం గేజ్ తీసే అలవాటు ట్యూబుల దగ్గరికన్నా ఇంకా తక్కువమందికి ఉంది.

పిల్లల ఆపరేషన్ టెన్షన్లో ఉండి వెతుక్కుంటూ ఇక్కడిదాకా చదివిన అమ్మానాన్నలు ఎవరైనా ఉంటే, మీరు దీన్ని కొనక్కర్లేదు. మత్తు డాక్టర్ ముందు రోజు మాట్లాడటానికి వచ్చినప్పుడు ‘కఫ్ ప్రెషర్ కొలుస్తారా అండీ’ అని అడగొచ్చు, అందులో తప్పేం లేదు, బాగా చేసేవాళ్లు ఆ ప్రశ్నకి సంతోషిస్తారు. లేచాక ఒకట్రెండు రోజులు గొంతు నొప్పి, కొంచెం బొంగురు మామూలే. ఊపిరి పీల్చేటప్పుడు కీచుమని కూత వస్తున్నా, మెడ కింద గుంట పడుతున్నా ఇంట్లో ఎదురు చూడకండి, వెంటనే తీసుకెళ్లండి.

స్టార్లు ఇవ్వమంటే ఐదుకి నాలుగు. పోయిన ఒక్కటీ డయల్ బొమ్మకే. తయారు చేసేవాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే, లోపలి యంత్రాన్ని ముట్టుకోవద్దు, బాగుంది. సున్నా నుంచి 60 దాకా స్కేలు, ఒక్కో గీతకి 1, 10 నుంచి 20 దాకా ఆకుపచ్చ, 20 దాటాక ఎరుపు, బల్బు రంగు పెద్దవాళ్ల దానికన్నా వేరుగా, అలా ఒక మోడల్ తీయండి. ఎర్ర టేపు ఊడిపోయినప్పుడల్లా మళ్లీ అంటించుకుంటున్నాం ఇక్కడ.